బౌద్ధనాథ స్తూప జీర్ణోద్ధరణము



ఊరిలోని పాతగుడికి పగులు వచ్చినప్పుడు రచ్చబండమీద చేరి "ఇప్పుడేమి చేయుదము?" అని ఆలోచించు భారము మీది. చందా వేయవలసినవారు మీరు, మేస్త్రిని పిలువవలసినవారు మీరు, పని ముగిసిన పిమ్మట లోకుల మాట పడవలసినవారును మీరే. అట్టి మీకు నేడు నేపాళదేశమున నొక బౌద్ధస్తూపము భూకంపమునకు చెడి, జనుల చేతులమీదుగా మరల నిలిచిన సంగతి చెప్పదలచితిని. శివాలయమునకో కేశవాలయమునకో మరమ్మత్తు తలపెట్టినవారికి బౌద్ధుల స్తూపముతో పనియేమని యెవరైన అడుగవచ్చును. పని కలదు. అది యెట్టిదో చివరకు చెప్పెదను. అందు నా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది గాన కొంచెము ఓపికతో వినుడు.

2016వ సంవత్సరము మహాశివరాత్రికి మేము కొందరము పశుపతినాథ దర్శనార్థము ఖాట్మండు పోయితిమి. జాగరణ ముగిసిన మరునాడు తోడివారు రుద్రాక్షలు కొనుటకై బజారునకు పోగా, నేను దారి అడుగుచు కాలినడకను ఈశాన్యదిక్కుగా బయలుదేరితిని. అరగంట నడకలో బౌద్ధనాథము వచ్చును. నేను పుస్తకములలో చూచిన బొమ్మలయందు ఆ స్తూపమునకు బంగారుశిఖర ముండెను. నేను పోయిన దినమున ఆ శిఖరము లేదు. కొండవంటి తెల్లని గోపురముపై సారువకర్రలు అల్లియుండెను. అయినను క్రింద ప్రదక్షిణము మాత్రము ఆగలేదు. ముసలివారు జపమాలలు త్రిప్పుచు, గూళ్లలోని మంత్రచక్రములను చేతితో దొర్లించుచు, తలపైన లేని శిఖరమునకే మ్రొక్కుచు తిరుగుచుండిరి. శిఖరమే లేని గుడికి మనవారు అట్లు తిరుగుదురా యని నాలో నేను ప్రశ్నించుకొంటిని.

స్తూపమనగా నేమో ముందు చెప్పవలెను. మన గుడి లోపల బోలుగా నుండును. గర్భగృహమున స్వామి యుండును, మనము లోనికి పోయి దర్శింతుము. స్తూపమునకు లోపల లేదు. అది ఇటుకతోను మట్టితోను నిండిన ఘనమైన దిబ్బ. దాని నడుమ బుద్ధునివో, ఆ మతపు మహాత్ములవో అస్థికలు గాని, పూజనీయములైన వస్తువులు గాని నిక్షేపించి, పైన కట్టుదురు. భక్తులు వెలుపలనే చుట్టు తిరుగుదురు. ఇది మనకు క్రొత్త సంగతి కాదు. భట్టిప్రోలు దిబ్బను 1892లో రీ దొర త్రవ్వించినప్పుడు అట్టి ధాతువుల బరిణెలు వెలువడినవి. అమరావతి, నాగార్జునకొండ, ఘంటసాల, జగ్గయ్యపేట, ఇవన్నియు ఒకనాడు స్తూపములతో వెలసిన తావులే. కృష్ణాతీరమున మన పూర్వులు తిరిగిన ప్రదక్షిణమునే ఆ టిబెట్టు ముసలివారు నా కన్నులయెదుట తిరుగుచుండిరి.

బౌద్ధనాథ స్తూపము సుమారు 36 మీటర్ల ఎత్తు గలది. అడుగున మూడు అరుగులు ఒకదానిపై నొకటి పరచినట్లుండును. వానిపై బోర్లించిన భాండమువలె అండము. అండముపై చదరపు పెట్టెవంటి కట్టడము. దానికి హర్మిక యని పేరు. హర్మిక నాలుగు ముఖములయందును బుద్ధుని కన్నులు చిత్రింపబడియుండును. ఆ కన్నుల నడుమ ముక్కువలె కనబడునది ముక్కు కాదు. నేపాళపు లిపిలో ఒకటి అను అంకె. హర్మికపై పదుమూడు మెట్ల శిఖరము, ఆపై ఛత్రము, అన్నిటిపైన కలశము. పదుమూడు మెట్లు బుద్ధత్వమునకు పోవు దారిలోని మజిలీలని వారి భావము. అండమునకు సున్నము వేసి, కుంకుమపువ్వు కలిపిన నీటిని బొక్కెనలతో విసరి, తామరరేకులవలె పచ్చని చారలు వచ్చునట్లు చేయుదురు. ఆ విసరు నేర్పు చూడదగినది.

2015వ సంవత్సరము ఏప్రిలు 25వ తేది శనివారము మధ్యాహ్నమునకు కొంచెము ముందు గోర్ఖా ప్రాంతమున భూమి కదలెను. భూకంపపు కొలతలో అది 7.8. నేపాళమున సుమారు తొమ్మిదివేలమంది మరణించిరి. ఖాట్మండు లోయలో దేవాలయములు, సత్రములు, రాజభవనములు మట్టిగలిసెను. బౌద్ధనాథమున అండము నిలిచినది గాని, దానిపైనున్న శిఖరభాగము పగిలి, నిలుపరానంతగా చెడిపోయినది. పైది చెడి క్రిందిది నిలుచుటకు కారణము కష్టమైనది కాదు. ఎద్దుబండి గతుకులో పడినప్పుడు బండిలోని ధాన్యపుబస్తా కదలదు; బస్తామీద నిలుచున్న కుఱ్ఱవాడు ఎగిరిపడును. వెడల్పుగను ఘనముగను ఉన్నది అదటును ఓర్చుకొనును. సన్నగను ఎత్తుగను ఉన్నది ఊగును.

అప్పుడు వారు చేసిన మొదటి పని నన్ను మిక్కిలి ఆశ్చర్యపరచినది. వెంటనే గునపములు పట్టలేదు. ముందు పూజ చేసిరి. నేపాళపు నేవారులు పాతగుడిని విప్పుటకు ముందు దేవతను క్షమాపణ వేడుదురు. దానికి క్షమాపూజ యనియే పేరు. ఆ కట్టడమునందలి దైవశక్తిని కలశమునకు రప్పించి, పని ముగియువరకు అచ్చట ఆరాధింతురు. ఇది మన ఆగమములలోని కలాకర్షణమే గదా! మనమును మూలవిరాట్టు కళను కుంభమునందు ఆవాహనము చేసి, బాలాలయమున నుంచి, ఆ పిమ్మటనే గదా రాతిమీద చేయి వేయుదుము. వారు ఆ పనికి వాడు మాటయు జీర్ణోద్ధారమే. మతము వేరైనను మాట వేరు కాలేదు. ఈ పూజ వలన భక్తికి తోడు మరియొక లాభము కలదు. చేయి వేయుటకు ముందు మనిషి ఒక్కదినమైనను ఆగి, తానేమి విప్పబోవుచున్నాడో చూచుకొనును.

పిమ్మట అండముపైనున్న భాగమంతయు విప్పి, లోపలి పవిత్రవస్తువులను భద్రపరచి, మరల కట్టిరి. బంగారము 30 కిలోలకు పైగా పట్టినది. వ్యయము సుమారు 21 లక్షల డాలర్లు. ఈ సొమ్ము ప్రభుత్వపు ధనాగారమునుండి రాలేదు. బౌద్ధసంఘములును, భక్తులును ఇచ్చినది. శ్రమలోను కొంత భాగము స్వచ్ఛందసేవకులదే. లోయలోని పెద్ద కట్టడములలో తక్కినవి ఇంకను ఊతకొయ్యలతో నిలుచుండగానే, 2016 నవంబరు 22వ తేదిన నాటి ప్రధానమంత్రి పుష్పకమల్ దహాల్ ఈ స్తూపమును జనులకు తిరిగి తెరచెను. భూకంపమునకును దీనికిని నడుమ పందొమ్మిది నెలలు.

ఆ స్తూపము పుట్టుకను గూర్చి చెప్పు కథలు రెండు, రెంటిలోను కూలి లేని శ్రమయే ముఖ్యము. టిబెట్టువారి కథలో కోళ్లు పెంచుకొను బీదరాలొకతె రాజును ఎద్దుచర్మమంత స్థలము వేడినదట. రాజు సరేయనెను. ఆమె చర్మమును సన్నని వారులుగా కోసి, వానితో పెద్ద స్థలమును చుట్టబెట్టినది. రాజు తన మాటకు కట్టుబడెను. పని ముగియకమునుపే ఆమె చనిపోగా కొడుకులు నలుగురు దానిని ముగించిరి. నేవారుల కథ వేరు. అప్పుడు లోయలో అనావృష్టి. మట్టి తడుపుటకు నీరు లేదు. రాత్రులు తెల్లని బట్టలు పరచి, వేకువను వానిపై పడిన మంచును పిండి, ఆ నీటితో పని సాగించిరట. అందుచే నేవారులు దానిని ఖాస్తి యందురు; మంచునీరు అని ఆ మాటకు అర్థము. రెండు కథలలో ఏది నిజమని పండితులు వాదించుకొందురు గాక. బట్ట పిండి చుక్క చుక్కగా నీరు తెచ్చినవారి కథ నాకు ఇష్టమైనది.

ఇక స్వచ్ఛందసేవకుల మాట. నేను చూచినది పెద్దస్తూపపు పైభాగము కాదు. అచ్చటికి పనివారిని తప్ప ఇతరులను పోనీయలేదు. ఒక సందులో చిన్న విహారపు ముంగిట మనిషియెత్తు చైత్యములు కొన్ని పగిలియుండగా ఇరుగుపొరుగువారు బాగుచేయుచుండిరి. కళాశాల పిల్లలు, దుకాణదారులు, ఇద్దరు భిక్షువులు, నడుముకు కొంగు బిగించిన స్త్రీలు వరుసగా నిలిచి ఇటుకలు చేతినుండి చేతికి అందించుచుండిరి. నేనును ఉత్తరీయము నడుమునకు చుట్టి వరుసలో నిలిచితిని. గంటసేపు మోసితిని. అంతలో వరుస చివర కూర్చున్న వృద్ధ మేస్త్రి నన్ను పిలిచి, "బాజే, ఇటు కూర్చుండుడు" అని హిందీలో చెప్పెను. బాజే యనగా వారి భాషలో తాతగారు. నా వయస్సు చూచి జాలిపడెనని తలచితిని. సంగతి అది కాదు. నేను పాత ఇటుకలను క్రొత్తవానితో కలిపి అందించుచుంటినట!

ఆయన నాకు చేసి చూపెను. రెండు పాత ఇటుకలు తీసికొని ఒకదానితో నొకటి మెల్లగా తట్టెను. ఒకటి కంచుగిన్నెవలె మ్రోగెను. రెండవది బొద్దుగా పలికెను. మ్రోగినది కుడివైపున పెట్టెను, మ్రోగనిది ఎడమవైపున. "మ్రోగినది ఎచ్చటినుండి వచ్చినదో అచ్చటికే పోవలెను, మ్రోగని దాని చోటికి మాత్రమే క్రొత్తది" అనెను. అందుకై పిల్లలు ప్రతి వరుసకును సుద్దతో అంకెలు వేసి, విప్పకమునుపే బొమ్మ తీసియుంచిరి. చెక్కిన రాయి ముక్కలైనచో ఒక్క ముక్కనైనను పారవేయక, గోనెపట్టాపై పరచి సరిచూచుకొనుచుండిరి. పనివారు ముగ్గురు, సేవకులు ముప్పదిమంది. అయినను ఆ ముప్పదిమందియు ఆ ముగ్గురి మాట దాటరైరి. గోడమీద తాపీ వేయువాడు మేస్త్రి యొక్కడే. తక్కినవారు మోయుట, జల్లెడ పట్టుట, కడుగుట, వంట చేయుట. నాకు తట్టి వినుట అప్పగింపబడెను. ముప్పదియైదేండ్లు పిల్లలకు ఛందస్సు చెప్పిన చెవి గనుక, ఆ పనికి తగినవాడననియే అనుకొంటిని.

మంచి మనసుతో వచ్చిన జనము పాతకట్టడమునకు మేలు చేయునా, కీడు చేయునా యని అడిగినచో, ఆ ముగ్గురు ఉన్నప్పుడు మేలు, లేనప్పుడు కీడు అని చెప్పవలసియున్నది. దీనికి దృష్టాంతము ఆ నగరమునందే కలదు. ఖాట్మండు నడిబొడ్డున కాష్ఠమండపమని కొయ్యతో కట్టిన పురాతన మండప ముండెను. నగరమునకు ఆ పేరు దానివలననే వచ్చినదందురు. భూకంపపు దినమున అందు రక్తదానము జరుగుచుండెను. మండపము కుప్పకూలి, మంచి పనికై వచ్చినవారు కొందరు ప్రాణములు కోల్పోయిరి. పిమ్మట నేపాళ పురావస్తుశాఖవారును ఇంగ్లండులోని డర్హాం విశ్వవిద్యాలయపు పండితులును పునాదులు త్రవ్వి చూచిరి. పునాది చెక్కు చెదరలేదు. అది క్రీస్తు శకము ఏడవ శతాబ్దము నాటిదని తేలినది. మరి కూలుటకు కారణమేమి? నడిమి స్తంభములు నాలుగును తొలిచిన పీఠశిలలలో కూర్చుండవలసినవి. 1960 ప్రాంతపు మరమ్మత్తులో ఒక స్తంభమును దాని శిలలో కూర్చక, పైన పరచిన నేలపలకలమీద నిలిపియుండిరి. నేల అందముగా కనబడినది. కాలు మాత్రము ఊడియున్నది! పూర్వుల పునాది వందల ఏండ్లు ఓర్చినది. మరమ్మత్తు అరువదియేండ్లయినను ఓర్వలేదు. తరువాత ఆ మండపమును కాంక్రీటుతో, ఇనుముతో కట్టరాదని నగరవాసులు పట్టుబట్టి, పాతపద్ధతిని కొయ్యతోనే మరల కట్టించిరి.

బర్మాలోని పగాను సంగతియు ఇట్టిదే. అచ్చట ఇటుక స్తూపములు, గుడులు వేలకొలది. 1975లో భూకంపము వచ్చెను. 1990 తరువాత సైనికప్రభుత్వపు కాలమున దాతల సొమ్ముతో శిథిలములపై క్రొత్త ఇటుకలతో శిఖరములు కట్టించిరి. మునుపు అవి ఎట్లుండెనో తెలియనిచోట ఊహించి కట్టిరి. దాతకు పుణ్యమును పేరును దక్కినవి. 2016 ఆగస్టు 24వ తేదిన మరల భూమి కదలగా, రాలినవానిలో ఈ క్రొత్తపనియే హెచ్చని చూచినవారు చెప్పిరి. ఆ మరునాటినుండి సేవకులు గుంపులుగా వచ్చి శిథిలములు ఎత్తసాగిరి. ఇటుకలు కలగలిసిపోవునని నిపుణులు మొరపెట్టుకొనగా, తొందర వలదని ప్రభుత్వమువారే చెప్పవలసివచ్చెను. పగాను ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరుట 2019లో గాని కాలేదు.

మన దేశపు కథ ఇంతకంటె దుఃఖకరము. అమరావతి స్తూపమును పందొమ్మిదవ శతాబ్దారంభమున చుట్టుపట్ల జనులు దీపాలదిన్నె యనుచుండిరి. అది స్తూపమని యెరిగినవారు లేరు, ప్రదక్షిణము చేయువారు లేరు. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు క్రొత్తపట్టణము కట్టించునప్పుడు ఆ దిన్నె రాళ్లు కట్టుబడికి పోయినవి. చెక్కిన రాళ్లలో కొన్ని సున్నపుబట్టీలపాలైనవి. కొన్నిటిని ఇలియట్ దొర 1845లో త్రవ్వించి మదరాసునకు చేర్చగా, వానిలో పెక్కు లండను పోయినవి. నేడు వానిని చూడవలెనన్న చెన్నపట్టణపు మ్యూజియమునకు గాని, సముద్రములు దాటి బ్రిటిష్ మ్యూజియమునకు గాని పోవలెను. మెకంజీ దొర 1816లో వ్రాయించిన పటములే లేకున్నచో ఆ స్తూపము ఎట్లుండెనో మనకు తెలిసియుండెడిది కాదు. బౌద్ధనాథమున శిఖరము పోయినను ప్రదక్షిణము పోలేదు. అమరావతిలో ముందు పోయినది ప్రదక్షిణమే. రాళ్లు తరువాత పోయినవి.

ఇప్పుడు నా తప్పు. పాతికేండ్ల క్రిందట మా యూరి కేశవస్వామి గుడికి జీర్ణోద్ధరణము జరిగినది. ఆ సంఘమునకు కార్యదర్శిని నేనే. ఊరంతయు శ్రమదానము చేసిరి. బండ్లు తోలిరి, ఇసుక మోసిరి, స్త్రీలు నీరు తెచ్చిరి. అంత ఉత్సాహము నేను మరల చూడలేదు. గానుగసున్నపు గోడలు గీకి సిమెంటు పూయించితిమి. సున్నము తడిని పీల్చి వదలును, సిమెంటు వదలదని నాకు తెలియదు. మూడు వానకాలములు గడచునప్పటికి లోపలి తడికి రాయి పొరలుగా ఊడజొచ్చెను. మండపస్తంభములకు నీలము, ఎరుపు ఎనామిల్ రంగులు వేయించితిమి. ఇంతవరకు అజ్ఞానము, క్షమింపదగినది. ధ్వజస్తంభము చెంత ఒక శాసనపు రాయి నిలిచియుండెను. నేలపలకలు పరచుటకు అడ్డుగా నున్నదని ఒకరనిరి. వంటశాల మెట్టుకు తగిన పొడవున్నదని మరియొకరనిరి. అక్షరములు అరిగిపోకుండ బోర్లవేసి పరచుడని చెప్పినవాడను నేను. అది రక్షణమనియే ఆనాడు తలచితిని! అడుగున సిమెంటు పోసిరి. మొదటి రెండు పంక్తులు మాత్రము నా పుస్తకమున వ్రాసికొంటిని. తక్కినది తీరిక దొరకినప్పుడు చదువవచ్చునని ఊరకుంటిని.

ఎనిమిదేండ్లు గడచిన పిమ్మట స్వామివారి చెరువుక్రింది మాన్యమునకు ఎల్లల తగవు వచ్చినది. దానశాసనములయందు భూమికి నాలుగు ఎల్లలు, ఫలాని చింతచెట్టు, ఫలాని వాగు అని చెప్పుట వాడుక. మా రాతిమీద చెప్పియుండెనో లేదో నేను చెప్పజాలను. అధికారి "ఆధారమేమైన కలదా?" అని అడిగినప్పుడు, సంస్కృతాంధ్రములు చదివినవాడనని ఊరు నన్ను ముందు నిలిపినది. నా చేతిలో రెండు పంక్తులున్నవి. వానిలో స్వస్తిశ్రీయును, రాజుగారి బిరుదములును తప్ప మరేమియు లేదు.

కాబట్టి మీ యూరిలో పని తలపెట్టినప్పుడు, ఆ నేపాళపు మేస్త్రివలె, విప్పకమునుపు అన్ని వైపులనుండి బొమ్మలు తీయించుడు. ఇప్పుడు ప్రతి యింట ఫోను ఉన్నది గనుక ఖర్చు లేదు. గుడి ప్రభుత్వరక్షణలో నున్న కట్టడమేమో ముందు కనుగొనుడు. అట్టిదైనచో పురావస్తుశాఖ అనుమతి లేనిదే ఒక్క రాయియు కదల్పరాదు. కేంద్రరక్షణలోని వానికి 1958 నాటి చట్టము కలదు. రాతిమీద అక్షరములు కనబడినచో సుద్దతోగాని మేకుతోగాని దిద్దకుడు. మైసూరులో కేంద్రప్రభుత్వపు శాసనశాఖ యున్నది. వారు తడిపిన కాగితమును రాతిపై పరచి, కుంచెతో కొట్టి, సిరా అద్ది, అక్షరములు అచ్చుపడునట్లు ప్రతి తీయుదురు. రాతికి హాని లేదు. సున్నపు గోడకు సున్నమే పూయుడు. గానుగ కట్టెడివారు, కరక్కాయ, బెల్లము కలుపు పాళ్లు తెలిసిన పెద్ద మేస్త్రులు ఇంకను కొందరున్నారు. వారు పోకమునుపే యువకులనొకరిద్దరిని వారి చెంత నిలుపుడు. ఊరి ఉత్సాహమును ఆపవలదు. మోయుటకు, కడుగుటకు, వండుటకు ఎందరు వచ్చినను పనియుండును.

మా యూరి సంగతి చెప్పి ముగింతును. రాబోవు మాఘమాసమున వంటశాల మెట్టును ఎత్తుటకు పెద్దలు ఒక దినము నిశ్చయించిరి. గునపము తగులరాదనియు, సిమెంటును చిన్న ఉలితో అంచులవెంబడి తొలచి, మోకులు కట్టి, వరిగడ్డిపై మెల్లగా తిరుగవేయవలెననియు నేను వారితో చెప్పియున్నాను. నా పాతపుస్తకమును వెదకి, ఆ రెండు పంక్తులను శుభ్రముగా వేరొక కాగితముమీద వ్రాసిపెట్టితిని. మూడవ పంక్తి మొదలు రాతిమీద మిగిలియున్నదో, సిమెంటుతో కూడ ఊడివచ్చునో ఆనాడు గాని తెలియదు.